బొండం వద్దన్న రోజు

ఎనభైల మొదట్లో, కోనసీమలో అంటరానితనం మీద వచ్చే ఫిర్యాదుల్ని విచారించే ప్రభుత్వోద్యోగం నాది. ఏ దళితపేటకి వెళ్ళినా ముందు కొబ్బరి బొండం కొట్టి చేతికిచ్చేవారు. బొండంలో నీళ్ళకి అంటు ఉండదుగా, ఆఫీసర్లు కాదనకుండా తాగుతారని! ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండేది.

కాట్రేనికోన దగ్గర ఒక ముసలమ్మ, టీకొట్టులో తనకి వేరే గ్లాసు పెడుతున్నారని ఫిర్యాదు చేసింది. వివరాలు రాసుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. గ్లాసు కోసం ఊరితో తగువు పెట్టుకున్న ఆ మనిషి కూడా నన్ను చూడగానే కత్తీ బొండమూ అందుకుంది.

"బొండం వద్దు మామ్మగారూ, మీ కుండలో నీళ్ళివ్వండి," అన్నాను.

ఆమె కంగారుపడింది. "మా ఇంట్లో నీళ్ళు తమరు తాగుతారాండీ?"

"మాదీ రాజోలు దగ్గర ఇలాంటి పేటేనండి. మా అమ్మా ఆఫీసర్లకి బొండమే ఇచ్చేది."

ముసలమ్మ నా మొహంలోకి తేరిపార చూసింది. కత్తి పక్కన పడేసి, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

"ఆ మాట ముందే చెప్పొద్దూ, పిచ్చిపిల్లా! ఎండకి మొహం ఎలా పీక్కుపోయిందో చూడు. కాగితాలు తరవాత రాద్దువుగాని, ముందు అన్నం తిను."