గీత మీద నిలవని మిషన్

మొన్న వంటింటి అరల కోసం అత్తాపూర్ వెళితే, దుకాణంలోని పెద్ద మిషన్ నేను చెప్పిన కొలతకు ప్లైవుడ్ షీటును నిమిషంలో కోసి ఇచ్చింది. అంచు వెంట వేలు పోనిచ్చి చూశాను, ఎక్కడా వంకర లేదు, సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

తొంభైలలో మేము శంషాబాద్‌లో ఉండేవాళ్లం. మా ఆయన వడ్రంగి. చేతి రంపం పడితే గీత చెదరకుండా కోసే మనిషికి, కరెంటు రంపం కొన్న నాటి నుంచి ఒక్క కోత తిన్నగా రాలేదు. షీటు రెండో కొస నేను పట్టుకునేదాన్ని కనుక వంకర పోయిన ప్రతిసారీ తప్పు నాదే. అప్పటికి నాకు అక్షరాలు గానీ టేపు మీది అంకెలు గానీ రావు, యాభై దాటాకే నేర్చుకున్నాను. అయినా రోజూ చూడగా చూడగా, ఆ రంపం దేన్నైనా ఆనుకుని నడిస్తే పక్కకు పోదని తెలిసింది. దాని అడుగు రేకు అంచు నుంచి బ్లేడు దాకా ఎంత దూరముందో అంత చెక్కముక్క కోసి పెట్టుకున్నాను. గీతకు ఆ ముక్కంత దూరంలో తిన్నని బద్ద ఒకటి బిగించి, దాని వెంట రంపం నడిపితే చాలన్నాను.

"ఏందీ, నాకే నేర్పుతున్నవా? బద్ద ఆనిచ్చి కోసుడు చేతగానోళ్ల పని. నువ్వు జర గట్టిగ పట్టు."

అప్పుడే చర్చి బీరువాకు రెండు తలుపులు ఒప్పుకున్నాడు. మొదటి షీటు పాడైంది. మిగిలింది ఒక్కటే, రెండు తలుపులూ అందులోంచే తీసి ఆదివారానికి బిగించాలి. శనివారం పొద్దున పాస్టరు అయ్యగారు తొంగిచూసి, "ఏం తమ్మీ, బీర్వాకు తలుపులుంటయా, పర్దా కట్టుకోవాల్నా?" అని నవ్వి పోయారు. ఈయన మొహం మాడ్చుకుని మళ్లీ బద్ద లేకుండానే రంపం ఎత్తాడు. నాకు ఇక ఓపిక లేక వెళ్లి ఆ షీటు మీద కూర్చున్నాను.

"లెవ్వు, పరేషాన్ చెయ్యకు."

"బద్ద పెడితేనే లేస్త."

చాలాసేపటికి వాకిలి తలుపు వేసి వచ్చి, ఎవరూ చూడకుండా బద్ద బిగించాడు. రెండు తలుపులూ తిన్నగా వచ్చాయి. మర్నాడు అయ్యగారు మెచ్చుకుంటే, నేను పక్కనే ఉండగా, "మిషన్‌కు ఇప్పుడిప్పుడే చెయ్యి అలవాటైతున్నది" అన్నాడు. ఆ తర్వాత ప్రతి కోతా బద్దతోనే, ప్రతిసారీ తలుపు వేసే.

ఆ చెక్కముక్క ఇంకా నా దగ్గరే ఉంది. నువ్వు చెప్పిందే నిజమని ఎప్పటికైనా ఒక్క మాట అంటాడని ఎన్నేళ్లో చూశాను. ఇప్పుడు ఆ మాట అనడానికి ఆయన లేడు, బద్ద పెట్టాల్సిందని నేను దెప్పిపొడవడానికి దుకాణంలో కోసిన షీటులో వంకరా లేదు.