బాలమణక్క చెప్పుల్లేకుండా ఎక్కిన గుట్ట

హైదరాబాదులో ఈ నాచారం వచ్చిన మొదటి ఏడాది నుంచీ ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. నోట్లోంచి వచ్చేటప్పుడు బరువే అనిపించలేదు. మా ఆయనకి కూడా చెప్పుకోలేదు. మీకు చెబుతున్నాను.

మాది కాకినాడ దగ్గర. మా ఆయనకి ఉప్పల్లో ఉద్యోగం వస్తే ఇక్కడ అద్దెకి దిగాం. సామాను లారీ ఇంకా గుమ్మం ముందే ఉంది, పక్కింటి బాలమణక్క అన్నం గిన్నెతో వచ్చేసింది. పేరైనా అడగకుండా మా పాపని చంకనేసుకుంది. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పింది, పాలవాడిని మాట్లాడిపెట్టింది, వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుండాలో కూడా తనే తేల్చేసింది. నాకేమో ఊపిరాడలేదు. ఏమీ కాని మనిషికి నా మీద ఇంత ప్రేమేమిటి? ఏదో ఆశించే చేస్తోందనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే తంగేడు, గునుగు పూలు ఒళ్లో నింపుకొని వచ్చింది. నీ బతుకమ్మ నేను పేర్చిపెడతాను, సాయంత్రం అందరం కలిసి ఆడదాం అంది. అంతమంది కొత్తవాళ్ల మధ్య, చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలియకుండా, ఈ యాసతో నేను ఆడాలా? రానని చెప్పొచ్చుగా? ఆ పూలు చూస్తే నోరు రాలేదు. మా అమ్మకి బాగా లేదు, ఆసుపత్రిలో చేర్చారు అనేశాను. ఆ సమయానికి మా అమ్మ ఊళ్లో పండక్కి గారెలు వండుకుంటోంది.

మా ఆయన ఆ వారమంతా ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. కాసేపటికి గల్లీ అంతా మా ఇంట్లోనే ఉంది. రైల్వేలో పనిచేసే ఎదురింటాయన టికెట్ చేయిస్తానన్నాడు. పాప చిన్నది, వెళ్లలేనని దానికింకో అబద్ధం. పైవాటా వాళ్లు ఇడ్లీలు పంపారు. నాలుగు రోజులాగి, తగ్గింది, ఇంటికి పంపేశారని చెప్పి గండం గడిచిందనుకున్నాను.

ఆ వారంలోనే బాలమణక్క కుంటుకుంటూ వచ్చింది. అరికాళ్ల నిండా బొబ్బలు. చేతిలో కొబ్బరిచిప్ప, విభూతి పొట్లం.

"ఏమైందక్కా కాళ్లకి?"

"కీసర గుట్టకు వోయొచ్చిన చెల్లె. మీ అమ్మ మంచిగై ఇంటికొస్తె చెప్పుల్లేకుంట ఎక్కుత అని మొక్కుకున్న. ఎండ మస్తుగొట్టింది, గంతే."

"మా అమ్మని నువ్వు చూడనైనా లేదు కదక్కా!"

"సూడకుంటే ఏంది? నీకు అమ్మ గదా. గీ ఇబూది జర అమ్మకు పంపు."

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ కాళ్లు చూసి నీళ్లు కాచడానికి లేచాను. వేడినీళ్లతో కడుగుతానంటే, పిచ్చిదానివా అని నవ్వి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆమె నాకు సొంత అక్కే. ఇది మాత్రం అబద్ధం కాదు.

తర్వాత అమ్మ మా ఇంటికొచ్చినప్పుడు అక్క చెయ్యి పట్టుకొని పానం ఎట్లుందని అడిగింది. అమ్మ తన మోకాళ్ల నొప్పుల సంగతి మొదలుపెట్టింది. ఇద్దరూ ఏ నూనె మంచిదో మాట్లాడుకుంటుంటే నేను వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

ఇప్పుడు అక్క మోకాళ్లే అరిగిపోయాయి. మొన్న మనవరాలికి జ్వరం ఎంతకీ తగ్గకపోతే నన్ను పిలిచి, నా బదులు నువ్వు గుట్టెక్కు చెల్లె, మీ అమ్మను నిలబెట్టిన దేవుడు గదా అంది. ఎక్కాను, చెప్పుల్లేకుండానే. దిగి వచ్చాక చెప్పేద్దామనే అనుకున్నాను. గుమ్మంలో నా కాళ్లు చూసి ఆమె వేడినీళ్లు తెచ్చింది. అంత నొప్పితోనూ కింద కూర్చుని తనే కడిగింది. ఎలా చెప్పను?

చెబితే ఆమె నమ్మకాన్ని కూడా లాక్కున్నట్టవుతుందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. అదంతా సాకు. నా భయం ఒక్కటే, ఆమె నన్ను చెల్లె అని పిలవడం మానేస్తుందని.

అందుకే ఆమెకి చెప్పాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను. అక్కా, ఆ రోజు మా అమ్మకి ఏమీ కాలేదు.

రాసేశాను. గుండె కాస్త తేలికైంది. గోడ అవతల నుంచి పిలుస్తోంది, పప్పుచారు చేసిందట. గిన్నె పట్టుకొని వెళ్తున్నాను.