ఆ పోస్టర్‌కి నేను పెట్టిన అక్షరాలు

2023 మే. అప్పటికి అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో ఉన్న ఒక ప్రింటింగ్ షాపులో డిజైనర్‌గా చేరి నాకు రెండేళ్లు. చదివింది ఇంజనీరింగ్, ఇష్టపడి నేర్చుకున్నది అక్షరాలు గీయడం. షాపులో ముప్పాతిక వంతు పని కోచింగ్ సెంటర్ల పోస్టర్లు. మిగతాది విజిటింగ్ కార్డులు, శుభలేఖలు, హోటల్ మెనూలు.

ఆ వేసవిలోనే నా మొదటి తెలుగు ఫాంట్ పూర్తయింది. అది సైకెడెలిక్ డిస్‌ప్లే ఫాంట్. డిస్‌ప్లే ఫాంట్ అంటే శీర్షికల్లో పెద్దగా వాడడానికి గీసింది, పేరాలకు పనికిరాదు. ఈ శైలి అరవైల్లో అమెరికా సంగీత కచేరీల పోస్టర్లతో పేరు తెచ్చుకుంది. అక్షరాలు కరిగిన మైనంలా ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఇచ్చిన ఆకారాన్ని ఖాళీ లేకుండా నింపేస్తాయి. మన అక్షరాలు ఎలాగూ గుండ్రనివి కనుక తెలుగులో బాగా కుదిరింది. బంజారా హిల్స్‌లో ఒక కెఫే బోర్డుకి, ఒక మ్యూజిక్ షోకి, కొన్ని టీషర్టులకి వాడాను. అందరూ మెచ్చుకున్నారు.

ఒక సోమవారం షాపు తెరవగానే పద్మగారు వచ్చారు. ఉండేది శ్రీనగర్ కాలనీ, ఉద్యోగం లక్డీకాపూల్‌లో. ఆమె తమ్ముడు సుధీర్‌కి ముప్పై నాలుగేళ్లు. బైక్ ప్రమాదంలో తలకి దెబ్బ తగిలాక మాట సరిగా రాదు, అడ్రసు చెప్పలేడు. ముందురోజు సాయంత్రం అమీర్‌పేట స్టేషన్లో మెట్రో లైను మారుతుంటే జనంలో అతని చెయ్యి జారిపోయింది. ఆమె పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఫోటో పట్టుకుని మా దగ్గరికి వచ్చారు.

"మధ్యాహ్నానికల్లా పోస్టర్లు ఇవ్వగలరాండీ? వాడు దాహమేసినా నోరు తెరిచి అడగడు. ఎవరైనా చేతికిచ్చినా తీసుకోడు. నేను తాగించాల్సిందే."

నేను వేసుకున్న లెక్క ఇది. ఒకటి, అమీర్‌పేట గోడల మీద ప్రతి పోస్టరూ ఎరుపు, పసుపు, లావు అక్షరాలే. రెండు, వాటిలో ఇంకొకటి చేరితే ఎవరి కన్నూ ఆగదు. మూడు, వింతగా ఉన్నదాని దగ్గరే మనిషి ఆగుతాడు. నా ఫాంట్‌ని ఊరంతా చూడాలన్నది నాలుగోది. దాన్ని మాత్రం అప్పుడు లెక్కలో రాసుకోలేదు.

'కనబడుట లేదు' అన్న మాటని ఫోటో పైన కమానులా వంచాను. నారింజ, ఊదా రంగులు వేసి, వాటికి కలిసేలా ఫోటోకి కూడా ఊదా ఛాయ ఇచ్చాను. మా ఓనర్ మల్లేశన్న వెనక నిలబడి చూశాడు.

"ఏంది తమ్మీ, గిది డీజే నైట్ లెక్కుంది. జర సాదాగ పెట్టు."

"సాదాగా పెడితే ఎవరూ చూడరన్నా."

"చూస్తరు. చూసి ఏమనుకుంటరు?" అన్నాడు. ఇంతలో ఫోనొస్తే బయటికి వెళ్లిపోయాడు.

ప్రూఫ్ అంటే ముద్రణకు ముందు కస్టమర్‌కి చూపించే కాగితం. దాని మీద సంతకం పడ్డాకే మేం మెషిన్ నడుపుతాం. పద్మగారు ప్రూఫ్ చేతిలోకి తీసుకుని తమ్ముడి ముఖమొక్కటే చూశారు.

"బాగా కనిపిస్తుందంటారా?"

"అందరి కన్నూ దీని మీదే పడుతుందండీ."

ఆమె సంతకం పెట్టారు. మధ్యాహ్నానికల్లా అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా పోస్టర్లు అతికించారు.

బుధవారం సాయంత్రానికి ఆమెకి వచ్చింది ఒకటే ఫోన్. "షో ఎక్కడ మేడమ్, టికెట్ ఎంత?" అని. ఆమె ఆ సంగతి చెప్పగానే తెల్ల కాగితం మీద నల్లటి మామూలు అక్షరాలతో, రంగు వెయ్యని ఫోటోతో మళ్లీ చేశాను. గురువారం పొద్దున అతికించడానికి నేనే బయలుదేరాను. పంజాగుట్టలో ఒక చాయ్ బండి పక్క గోడకి జిగురు రాస్తుంటే బండాయన యాదగిరి దగ్గరికొచ్చాడు.

"గీ మనిషా? గీడనే కూసున్నడు కదన్నా, రెండు దినాలు. చాయ్ ఇస్తుంటే చెయ్యి చాపలే. నిన్న పొద్దుగాల ఎండకి పడిపోయిండు. అంబులెన్స్ పిలిచి పంపినం."

"మరి ఈ గోడ మీదే పోస్టర్ ఉంది కదా."

"అదా? ఏదో పాటల ప్రోగ్రాం అనుకున్న. ఫోటోల ఉన్నోడు పాడెటోడేమో అని."

నా పోస్టర్ ఇంకా అక్కడే ఉంది. సుధీర్ కూర్చున్న చోటికి మూరెడు పైన.

ఆ రోజే ప్రభుత్వాసుపత్రిలో పేరు తెలియని రోగిగా దొరికాడు. వడదెబ్బకి అప్పటికే మూత్రపిండాలు పనిచెయ్యడం లేదు. ఆదివారం పోయాడు. ఆ మూడు రోజుల్లో అక్కని గుర్తుపట్టాడో లేదో నాకు తెలియదు.

పెద్దకర్మ కార్డుల కోసం పద్మగారు మా షాపుకే వచ్చారు. ఆ పోస్టర్ నా తప్పని చెప్పాను.

"మీరు నాకు చూపించారు కదండీ. చూడకుండా సంతకం పెట్టింది నేను," అన్నారు.

ఇప్పుడు ఏ పోస్టర్ చేసినా ముందు రోడ్డు అవతల నిలబెట్టి, దారినపోయే ఇద్దర్ని ఆపి ఇది దేని గురించి అని అడుగుతాను. బాగుందా అని అడగను. బాధలో ఉన్నవాళ్ల చేత ప్రూఫ్ మీద సంతకం పెట్టించను, ఆ బాధ్యత నాదే అని రాసుకుంటాను. ఇవి నేర్చుకోగలిగాను. తప్పు తనది కాదని పద్మగారిని ఒప్పించడం మాత్రం నావల్ల కాలేదు.