ముగ్గు గోడల మూర్తిగారు

వేంకటరమణమూర్తిగారి దృష్టిలో నేల మీది సున్నపు గీతకూ, ఇటుక గోడకూ భేదం లేదు. చోడవరం శివార్లలో, వడ్డాది వెళ్లే దారిలో, చెరకు తోటలు ఆగిన చోట పేదల ఇళ్ల కోసం వేసిన లేఅవుట్‌కు ఆయన వర్క్ ఇన్‌స్పెక్టరు. పునాది తవ్వే ముందు నమూనా ప్రకారం నేల మీద ఇంటికి ముగ్గు పోయించడం ఆయన ఉద్యోగం. పోసిన మరుక్షణం నుంచి అది ఇల్లేనని నమ్మడం మాత్రం ఆయన సొంత పైత్యం.

ఆ ముగ్గింట్లోకి ఆయన గుమ్మం గుండానే వెళ్లేవారు. చెప్పులు గీత బయట విడిచేవారు. లేని తలుపు తట్టేవారు. మేస్త్రి దాసు టీ గ్లాసు పట్టుకుని అడ్డంగా నడిచివస్తే, "గోడలోంచి వస్తన్నావేటి దాసూ?" అని వెనక్కి పంపి, చుట్టూ తిప్పి, అప్పుడు అందుకునేవారు. ఈలోగా టీ చల్లారేది. ఆ నేరమూ దాసుదే. ఓసారి మేకొకటి వంటగది గోడలోంచి పడకగదిలోకి నడిచింది. దానికి గుమ్మం చూపించడానికి మూర్తిగారు పావుగంట శ్రమించారు.

వానకు ముగ్గు కొట్టుకుపోయిన రోజున ఆఫీసుకు ఫోన్ చేసి, "పద్నాలుగు ఇళ్లు కూలిపోయేయి సార్" అని నింపాదిగా చెప్పారు. ఫోనందుకున్న హౌసింగ్ ఇంజనీరు ఫణిశ్రీనివాస్ ఆ పూట భోజనం మానేశాడు. అక్కడ ఇంకా ఒక్క ఇటుకా పేర్చలేదన్న సంగతి అతనికి స్ఫురించేసరికి సాయంత్రమైంది.

ఫణి కొలతలను నమ్మే మనిషి. లేనిదాన్ని ఉన్నట్టు భావించడం తత్త్వవేత్తలకు చెల్లుతుందేమో గాని జీతగాళ్లకు చెల్లదని అతని సిద్ధాంతం. పైగా మూర్తిగారి ముగ్గులు నమూనాతో సరిపోయేవి కావు. ఒక ఇంట్లో కిటికీ జరిగేది, మరో ఇంట్లో పొయ్యి మూల మారేది. వాటి మీద ఫణి రెండు మెమోలిచ్చాడు. మూర్తిగారు ఆ రెండింటినీ ముగ్గింటి గోడకు తగిలించబోయి, మేకు నిలవక, మడిచి జేబులో పెట్టుకున్నారు.

అన్నిటికన్నా చిరాకు పుట్టించింది ఆయన నియమం. ఇల్లు మంజూరైనవాళ్లు ముగ్గింట్లో ఓ గంట కాపురం చెయ్యాలి: కూర్చోవాలి, పడుకోవాలి, ఉత్తుత్తి వంట వండాలి. ఆ గంటసేపూ ఆయన ఎదురుగా గొడుగు కింద కూర్చుని చూసేవారు.

లేఅవుట్ మొత్తానికి అంగీకార పత్రం మీద సంతకం పెట్టనిది అచ్చియ్యమ్మ ఒక్కతే. చెరకు నరికే కూలీ. మూడు దఫాలు దరఖాస్తు పెట్టాక మూలమీది స్థలం దక్కింది. శుక్రవారంలోగా సంతకం పడకపోతే అది జాబితాలో తరువాతి పేరుకు పోతుంది. ఇల్లు వద్దా అని ఫణి స్వయంగా వెళ్లి అడిగాడు.

"వద్దన్నానేటి?"

"అయితే సంతకం పెట్టమ్మా."

"పెడతానన్నానేటి?"

గురువారం మూర్తిగారు ఆమెను ముగ్గింట్లో కూర్చోబెట్టారు. తూర్పు గుమ్మానికి వీపు పెట్టి, దక్షిణపు గోడకేసి చూస్తూ ఆమె గంటసేపు కదల్లేదు. గోడకవతల సందు, సందుకవతల పైడమ్మకు వచ్చిన స్థలం. నలభై ఏళ్లుగా అచ్చియ్యమ్మ నరికిన చెరకును మోపు కడుతున్నది పైడమ్మే.

మూర్తిగారు గొడుగు ముడిచారు. గుమ్మంలోంచే లోపలికి వచ్చి, దక్షిణపు గోడను మూడడుగుల మేర కాలితో చెరిపేశారు. తూర్పు గుమ్మాన్ని ముగ్గుతో మూసేశారు.

దాసు బెంబేలెత్తాడు. "దక్షిణం గుమ్మమా? యముడి దిక్కండీ బాబూ."

"రానీ ఆణ్ని," అంది అచ్చియ్యమ్మ, ఆ రోజు మొదటిసారి నోరు విప్పి. "ముందు పైడమ్మని దాటాల కదా."

సంగతి తెలిసి ఫణి మూడో మెమో రాయడానికి కూర్చున్నాడు. మూర్తిగారు వచ్చి బల్లకవతల నిలబడ్డారు.

"ఇల్లడగడానికే వీళ్లకి నోరు రాదు సార్. గుమ్మం ఇటు కావాలని ఆఫీసుకొచ్చి ఎలా అంటారు? ఇటుకలు పేర్చేక అన్నా ఎవడూ వినడు. ముగ్గయితే కాలితో చెరిపేయొచ్చు."

ఫణి పాత మెమోల గురించి అడిగాడు. జరిగిన కిటికీ, మంచాన పడ్డ ఒక ముసలాయనకు వీధి కనిపించడానికట. మూల మారిన పొయ్యి, ఎడమచేతి వాటం ఇల్లాలిదట. నమూనా ప్రకారం అన్నీ తప్పులే. ఫణి మెమో చింపేసి, అచ్చియ్యమ్మ ఇంటి నమూనా మీద గుమ్మాన్ని ఎర్ర సిరాతో దక్షిణానికి మార్చి, పక్కన పొట్టి సంతకం చేశాడు. అంతకు మించిన మెచ్చుకోలు అతని వల్ల కాలేదు.

శుక్రవారం పొద్దున్నే పత్రం పట్టుకుని లేఅవుట్‌కు వెళ్లాడు. అచ్చియ్యమ్మ ముగ్గింట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. అతను తొందరలో, అలవాటు కొద్దీ, తూర్పు వైపు నుంచి నేరుగా నడిచాడు.

"బాబూ, అది గోడ," అంది అచ్చియ్యమ్మ.

ఫణి గీతకు అంగుళం ఇవతల ఆగిపోయాడు. చుట్టూ తిరిగి సందులోకి వచ్చాడు. బూట్లు విప్పాడు. మూర్తిగారు చుట్టుపక్కల లేరని నిర్ధారించుకుని, గాల్లో రెండుసార్లు తట్టాడు.

సందుకవతల, తన ముగ్గింటి గుమ్మంలో పైడమ్మ కూర్చుని ఆకుకు సున్నం రాస్తోంది.

"తలుపు తీసే ఉంది బాబూ," అంది తల ఎత్తకుండా. "ఎల్లండి."