చౌడు ఎక్కువైన గాజులు

చనిపోయిన నా బిడ్డ గాజుల పెట్టె తుడుస్తాంటే మా నాయన గాజుల బట్టీ గుర్తొచ్చింది. మీ ఊర్లలో కూడా చౌడుమన్ను, ఇసుక కరగబెట్టి గాజులు చేస్తా ఉండ్రి కదా?

నా చిన్నప్పుడు ఒక కరువేడు బట్టీకి కట్టెలు చాల్లేదు. తక్కువ మంటకే కరగాలని నాయన చౌడు ఎక్కువేసినాడు. గాజులు నిగనిగలాడినాయి గానీ గట్టితనం రాలేదు. పక్కింటి కోడలి సీమంతంలో తొడుగుతాంటేనే పగిలినాయి.

"ఏమప్పా, గాజులు తెచ్చినావా, బొరుగులు తెచ్చినావా?" అని ఆ కోడలి అత్తగారు అరిచింది. అంతమంది ముందర నాయన తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి అమ్మ చెయ్యి చాపింది. "మిగిలినవి నాకు తొడుగు. పగిలితే నా చేతికే పగలనీ, ఇంగొకరి బిడ్డకొద్దు."

నాయన తొడగలేదు. ఇసుక కలిపి, ఎక్కువ మంట కావాలని మా వాకిలి తలుపులు పీకి బట్టీలో పెట్టి, అన్నీ మళ్లీ కరిగించినాడు. వచ్చేపోయే జనం తొంగి చూస్తాంటే, నేను తలుపుల్లేని ఇంట్లో మోకాళ్లలో మొగం దాచుకున్యా.