ఏడవని బిరడా

బిరడాలాయన పిరికివాడని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆయన కూడా దాచుకునే మనిషి కాదు. కుక్క ఎదురైతే సందు మారేవాడు, ఉరిమితే మంచం ఎక్కి కాళ్లు ముడుచుకునేవాడు. ఒకసారి సైకిలు టైరు పేలితే, సైకిలు అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. మర్నాడు భార్య వెళ్లి తెచ్చుకుంది.

అలాంటి మనిషికి దేవుడిచ్చిన పని పొంగే పానీయాల సీసాలకు బిరడాలు చేయడం. ఇంటి ముందు గదే కార్ఖానా. కిటికీ పక్కన తీగ వంచే చిన్న మిషను, బల్ల మీద పింగాణీ గుండ్లు, బిస్కెట్ల డబ్బాలో రబ్బరు వాషర్లు. గుండు మెడకు వాషరు తొడిగి, రెండు వైపులా తీగ కొక్కెం బిగిస్తే బిరడా తయారు. బొటనవేలితో నొక్కితే టక్కున పడుతుంది, ఎత్తితే లేస్తుంది.

ఆ బిరడాలకు ఒక్కటే అపవాదు ఉండేది. ఏడుస్తాయి. ఎండలు ముదిరి సీసాలో గ్యాసు పెరిగితే, వాషరు సందులోంచి సుయ్‌మని కాస్త గాలీ, దాని వెంట నాలుగు చుక్కలూ బయటికొచ్చేవి. లేబులు తడిసి ఊడిపోయేది. ఆ లేబుళ్లు అచ్చువేసేది బిరడాలాయన చిన్ననాటి స్నేహితుడే.

"సీసాకి టోపీ పెట్టేది నువ్వు, చొక్కా తొడిగేది నేను. నీ టోపీ ఏడ్చి ఏడ్చి నా చొక్కా తడిపేస్తోంది కదరా!" అని లేబుళ్లాయన పాతికేళ్లుగా నలుగురిలో ఏడిపిస్తూనే ఉన్నాడు.

చివరికి ఈ ఏడాది బిరడాలాయనకు రోషం వచ్చింది. మందపు వాషరు వేశాడు. తీగ జంట చేశాడు. పాతది విప్పాలంటే బొటనవేలు చాలేది, దీనికి రెండు చేతులూ కావాలి. బిగించిన సీసాను తలకిందులుగా చొక్కా జేబులో పెట్టుకుని రోజంతా తిరిగితే ఒక్క చుక్క కారలేదు. "ఏడవని బిరడా" అని తానే పేరు పెట్టి, ఇద్దరు పాత ఖాతాదార్లకు గంపలకొద్దీ పంపాడు. ఒకరు అల్లం పానీయం చేసే ఆయన, ఇంకొకరు తేనె పానీయం చేసే పెద్దావిడ. రెండూ సీసాలో పడ్డాక కూడా నిదానంగా పులుస్తూ ఉండే సరుకులే.

ఏళ్ల తరబడి సరుకు పార్సిల్లో పోవడమే గానీ, ఆ ఇద్దరి చోట్లూ స్నేహితులిద్దరూ కళ్లతో చూసింది లేదు. "ఈ ఏడు నడిచి వెళ్దాం రా. రెండు రోజులు అల్లానికి, రెండు రోజులు తేనెకి. కాలవ గట్టు పట్టుకుని పోతే దారి తప్పే పనే లేదు" అని లేబుళ్లాయన ముహూర్తం పెట్టేశాడు.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు, పట్టపగలు, సామాన్ల గదిలో ఢామ్మంది.

బిరడాలాయన బల్ల కింద దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చి చూస్తే, కొత్త బిరడా బిగించి పరీక్షకు ఉంచిన అల్లం పానీయం సీసా లేదు. గచ్చు మీద తీగ కొక్కెం మాత్రం బిగించింది బిగించినట్టే ఉంది. ఎదురుగా తలుపు చెక్కలో, సరిగ్గా మనిషి కంటి ఎత్తున, వేలెడు గాజుముక్క దిగబడి ఉంది.

ఇన్నాళ్లూ లోపలి గ్యాసు పోవడానికి దారి ఆ నాలుగు చుక్కల కన్నీళ్లేనని అప్పుడర్థమైంది ఆయనకు.

"ఏవండీ, ఏంటా చప్పుడు?" భార్య పెరట్లోంచి కేకేసింది.

"పిల్లి! సీసా పడేసింది!"

గాజుముక్క పీకి, కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఫోను తీసి అల్లం ఆయనకు రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ అటునుంచి "హలో" వినపడగానే పెట్టేశాడు. ఇలాంటి మాట ముఖాముఖి చెబితేనే మర్యాద అని తనకు తాను చెప్పుకున్నాడు. పిరికివాళ్లకు మర్యాద ఎంత పనికొస్తుందో!

దారి పొడవునా చెప్పాల్సిన మాటలు వల్లెవేస్తూనే నడిచాడు. తీరా అల్లం షెడ్డులో అడుగుపెట్టేసరికి, పొయ్యి సెగకు మనుషులు ఉడికిపోతుంటే ముంజేతుల దాకా గుండీలు బిగించిన పొడుగు చేతుల చొక్కాతో అల్లం ఆయన ఎదురొచ్చి కావలించుకున్నాడు.

"అన్నా! ఏం బిరడా అన్నా అది! చుక్క కారితే ఒట్టు!"

ఆయన వెనక సీసాలు నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. అన్నిటికీ జంట తీగలే. బిరడాలాయన నోరు తెరిచాడు. "మంచినీళ్లు" అన్నాడు.

వచ్చేటప్పుడు అల్లం ఆయన నాలుగు సీసాలు కానుకిచ్చాడు. లేబుళ్లాయన వాటిని వీపు సంచిలో వేసుకుని, పాట పాడుకుంటూ నడక సాగించాడు. అడుగడుక్కీ సంచిలో గలగల. నెత్తిన ఎండ. బిరడాలాయన ఇరవై అడుగులు వెనకబడ్డాడు.

"ఏంట్రా, అత్తారింటికెళ్లే కొత్త పెళ్లికూతురిలా ఆ నడక?"

అప్పుడు చూశాడు స్నేహితుడి మెడని. చెమటతో మెరుస్తున్న ఆ మెడకీ సీసాలకీ మధ్య ఒక్క గుడ్డ పొరే ఉంది. పరిగెత్తుకెళ్లి సంచి లాక్కున్నాడు.

"నేను మోస్తాను!"

"నువ్వా? గొడుగే బరువంటావు కదరా!"

సీసాలకు దుప్పటి చుట్టాడు, దాని మీద తడి తువ్వాలు చుట్టాడు. అయినా వీపు మీద నాలుగు తుపాకులు పెట్టుకున్నట్టే ఉంది. గంటకోసారి సంచితో సహా పొదల చాటుకు పోయి, మొహం పక్కకు తిప్పుకుని, కళ్లు మూసుకుని, ఒక్కో కొక్కెం కాస్త వదులు చేసి బిగించేవాడు. సుయ్య్... టప్! సుయ్య్... టప్! ప్రతి టప్పుకీ "అమ్మో" అనేవాడు.

గట్టు మీద నుంచున్న లేబుళ్లాయన చెవిన ఆ చప్పుళ్లన్నీ పడ్డాయి. సాయంత్రానికి ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు.

"అల్లం పడలేదురా నీకు. సిగ్గెందుకు? నా దగ్గర కూడానా?"

నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. బిరడాలాయన మాత్రం "అవున్రా" అన్నాడు. దాంతో దారిలో కనిపించిన టీ కొట్టు ఆవిడకీ, లాకుల దగ్గర కాపలాదారుకీ, లేబుళ్లాయన ఎంతో ప్రేమగా "మావాడికి కడుపు బాలేదండీ, ఎక్కడైనా చాటుంటే చూపించండి" అని చెప్పుకుంటూ వచ్చాడు. కాపలాదారు చాటు చూపించడమే కాక చెంబు కూడా ఇచ్చాడు.

నాలుగో రోజు తేనె పానీయం ఇల్లు చేరారు. ఎండ పడే పెద్ద కిటికీ, దాని గట్టు మీద వరసగా సీసాలు. పెద్దావిడకు డెబ్బై దాటాయి. ఒక కన్ను ఎప్పుడో పోయింది. "కూర్చోండి నాయనా, ఈ వరస చూసేసి వస్తా" అంది. ఆమె పని పద్ధతే అది. సరుకు తేరిందో లేదో తెలియాలంటే సీసాను వెలుగుకెత్తి, ఉన్న ఒక్క కంటికి ఆనించి, ముక్కు గాజుకు తగిలేలా పట్టుకుని చూస్తుంది.

బిరడాలాయనకు తలుపులో దిగిన గాజుముక్క కనిపించింది. వెనక తలుపు తీసే ఉంది, కాళ్లు దాని వైపే లాగాయి కూడా. కానీ ఎలా దూకాడో దూకాడు. ఆమె చేతిలో సీసా లాక్కుని, కడుపుకు అదుముకుని, నేల మీద ముడుచుకుపోయి కళ్లు మూసుకున్నాడు.

ఏమీ కాలేదు.

"కంగారుపడకండి పెద్దమ్మా," లేబుళ్లాయన గబగబా అన్నాడు, "వాడికి అల్లం పడలేదు."

"అల్లం కాదురా! నా బిరడాలు! పేలతాయి!" నేల మీద నుంచే అరిచాడు. మొదలుపెట్టాక ఆగలేదు. సామాన్ల గది, తలుపు, పొదలు అన్నీ చెప్పాడు. జేబులోంచి కాగితం తీసి విప్పాడు.

పెద్దావిడ గాజుముక్కను వేళ్లతో తడిమింది. "ఎన్నాళ్లైంది నీకు తెలిసి?"

"ఆరు రోజులు."

"ఆరు రోజులు. రోజుకి నలభై సీసాలు ఈ కంటికి ఆనించి చూశాను, నాయనా."

ఆమె కేకలేయలేదు. వేసుంటే బాగుండేదనిపించింది ఆయనకు. స్నేహితుడి వైపు చూశాడు. లేబుళ్లాయన తన మెడ తడుముకుంటున్నాడు.

"సీసా కింద పెట్టు. ముందు ఆ అల్లం వాడికి ఫోను చెయ్యి," అంది పెద్దావిడ. "నా ఎదురుగా."

"హలో" అన్న మాటకు వేలు అలవాటుగా ఎర్ర బొత్తాం మీదికి పోయింది. లేబుళ్లాయన ఆ వేలు పట్టుకున్నాడు.

బిరడాలాయన అంతా చెప్పాక అల్లం ఆయన అన్నాడు:

"ఆరు పేలాయన్నా. చేతికి ఏడు కుట్లు. పులియడం నెమ్మదించకముందే బిగించేశాననుకున్నా. మా నాన్న నేర్పిన పని, పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. అందుకే ఆ చొక్కా." ఆపైన అన్నాడు: "మీరు వెళ్లాక ఇంకోటి పేలింది."

"ఎవరికైనా..."

"గోడకి. నువ్వు ఆరోజే చెప్పుంటే ఆ గోడ దగ్గర నా భార్య పడుకునేది కాదు. బతికిపోయాం. షెడ్డుకి తాళం వేస్తున్నా. ఎప్పుడొస్తావు?"

"రేపే. అన్నీ నేనే వదులు చేస్తా. మళ్లీ పాతవే వేస్తా."

"ఏడ్చేవేగా?"

"ఏడ్చేవే."

ఆ పూటంతా తడి గోనెపట్టాలు కప్పి, పెద్దావిడ సీసాలన్నిటి కొక్కేలూ బిరడాలాయనే వదులు చేశాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ప్రతి టప్పుకీ "అమ్మో" అంటూనే ఉన్నాడు గానీ, ఒక్కటీ వదల్లేదు. తల నుంచి కాళ్ల దాకా తేనె జిగురు.

మర్నాడు బస్సు కోసం నుంచున్నప్పుడు భార్యకు ఫోను చేసి అంతా చెప్పాడు. చివర్లో గొంతు తగ్గించి, "ఆరోజు పిల్లి తప్పేం లేదే" అన్నాడు.

"తెలుసు," అంది భార్య. "అప్పుడది పెరట్లో నా ఒళ్లోనే ఉంది. మీరెప్పుడు చెబుతారా అని చూస్తున్నా."