రెండు కుర్చీల కారు

అమెరికాలో మేముండే క్యారీ ఊరి లైబ్రరీలో మాకు పౌరసత్వ పరీక్షకు పాఠాలు చెప్పిన టీచర్ పోయిన మంగళవారం కన్నుమూశారు. ఎనభై అయిదేళ్లు. కబురు తెలియగానే ఏడ్చాను. అయిదు నిమిషాలకే నవ్వొచ్చింది. ఆవిడను తలచుకుంటే నవ్వు ఆపుకోవడం కష్టం.

ఆ క్లాసులో చేరేనాటికి నేను మూడు నెలలుగా కారు ముట్టుకోలేదు. కారణం చెబుతాను, నవ్వకండి. ఒకరోజు నా కారు వెనక పోలీసు లైట్లు వెలిగాయి. మన ఊళ్లలో అలవాటు ప్రకారం మర్యాదగా కారు దిగి, కాగితాల ఫైలు పట్టుకుని ఆయన దగ్గరికే నడిచి వెళ్లాను. "కార్లోకి వెళ్లు!" అని అరిచాడు. చెయ్యి తుపాకీ మీద ఉంది. తీరా చూస్తే, వెనక లైటు ఒకటి వెలగడం లేదని చెప్పడానికి ఆపాడట. ఇంటికొచ్చి కారు తాళాలు బీరువాలో పడేశాను.

"డాక్యుమెంట్స్ అన్నీ ఉన్నాయిగా, ఎందుకంత టెన్షన్? నేనే డ్రాప్ చేస్తాలే," అనేవారు మావారు. ఆ మంచితనంతో నేను ఇంట్లోనే స్థిరపడిపోయాను.

క్లాసులో ఒకరోజు రాజ్యాంగం ఇచ్చిన హక్కులన్నీ గడగడా అప్పజెప్పాను. "భేష్! ఇవన్నీ ఎవరివి?" అన్నారు టీచర్. "మీవి," అన్నాను. అందరూ గొల్లుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. క్లాసయ్యాక ఆపి సంగతంతా రాబట్టారు.

తర్వాతి వారం రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, ఇదే కారు అన్నారు. స్టీరింగ్ కింద పేపర్ ప్లేటు నా చేతికిచ్చారు. నల్ల కళ్లజోడు పెట్టుకుని తానే పోలీసయ్యారు.

"చేతులు స్టీరింగ్ మీద. దిగకు. కారు సోదా చేయొచ్చా అని అడిగితే? కాదనే హక్కు నీకుంది."

"వద్దండీ."

"అదేంటి, కాఫీ వద్దన్నట్టు అంటావు! గట్టిగా!"

ఆ గంటంతా పడీ పడీ నవ్వాం.

నవ్వుల మధ్యే తన కథా చెప్పేవారు. పందొమ్మిదేళ్లప్పుడు, తనలాంటి నల్లవాళ్లకు తిండి పెట్టని హోటల్ ముందు ఊరేగింపులో నడిచినందుకు ఆవిడను జైల్లో పెట్టారు. మాట్లాడకుండా ఉండొచ్చనీ, లాయర్ని అడగొచ్చనీ ఎవరూ చెప్పలేదు.

"మేం రోడ్డెక్కాం, జైళ్లు నింపాం, కోర్టుల్లో కొట్లాడాం. ఇప్పుడు అరెస్టు చేస్తే ఆ మాటలు పోలీసులే చదివి వినిపించాలి. మొన్న పిల్లలు మళ్లీ రోడ్డెక్కితే పోలీసుల చొక్కాలకు కెమెరాలొచ్చాయి. ఇంకా చాలా మిగిలుంది. అయినా హనీ, ఇంత కష్టపడి తెచ్చింది బీరువాలో దాచకు. వాడుకో," అన్నారు.

ఆరో వారం నేనే డ్రైవ్ చేసుకుంటూ లైబ్రరీకి వెళ్లాను. టీచర్ పార్కింగ్‌లోనే చిన్న డాన్సు కట్టారు. కానీ పోలీసు కారు కనిపిస్తే పక్క వీధిలోకి తిప్పేసే అలవాటు మాత్రం నాకు పోలేదు. ఆ ఒక్కటీ ఆవిడకు చెప్పలేకపోయాను.

శనివారం అంత్యక్రియలు. చర్చిలో పాటలూ చప్పట్లూ పెళ్లిని మించిపోయాయి. అక్కణ్నించి శ్మశానానికి, టీచర్ శవపేటిక ఉన్న కారు వెనకాల, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం పగలే హెడ్‌లైట్లు వేసుకుని కార్లు వరసగా బయల్దేరాయి. ముందు మోటార్‌సైకిళ్ల మీద పోలీసులు. "నేను డ్రైవ్ చేయనా?" అన్నారు మావారు. తాళాలివ్వలేదు.

పెద్ద కూడలిలో నాకు ఎర్రదీపం పడింది. బ్రేకు మీద కాలు వేశాను. కూడలి మధ్యలో నిలబడ్డ పోలీసు అన్ని వైపులా బళ్లు ఆపేసి, నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. రోడ్డు మీద నడిచినందుకు జైలుకెళ్లిన మనిషి కోసం, ఇవాళ పోలీసే రోడ్డు ఖాళీ చేయించాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అద్దం దించి, ఆయన కళ్లలోకి చూసి చెయ్యి ఊపాను. ఎర్రదీపం కింద నుంచి, టీచర్ వెనకాలే దాటి వెళ్లాను.